వీధి ఎవరిది? నాటింగ్ హిల్ కార్నివాల్ వెనక కథ



ఏటా ఆగస్టు చివరి సోమవారం, దాని ముందు రోజు ఆదివారం, లండన్ పడమటి భాగంలోని నాటింగ్ హిల్ వీధుల్లో నల్లజాతి ప్రజల కార్నివాల్ జరుగుతుంది. రెండు రోజుల్లో లక్షలాది మంది వస్తారు. మన యువత ఫోన్లలో చూసేది ఈకల కిరీటాలు, మెరుపు బట్టలు, లారీల మీద స్పీకర్లు, వాటి వెనక ఊగుతూ నడిచే జనం. మన పెద్దలు ఆ రీలు వైపు ఒక్క చూపు చూసి "అంతా లోకసంబంధమైన గోల" అని ఫోను పక్కన పెట్టేస్తారు. చూసి మురిసినవాళ్ళకీ, చూసి ముఖం చిట్లించినవాళ్ళకీ తెలియాల్సిన సంగతి ఒకటుంది. ఆ పండుగ పుట్టింది ఒక దాడి తర్వాత.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక బ్రిటన్‌కు పనివాళ్ళు కావాల్సి వచ్చింది. 1948 జూన్ 22న విండ్‌రష్ అనే ఓడలో జమైకా, ట్రినిడాడ్ తదితర కరీబియన్ దీవుల నుంచి వందల మంది లండన్ దగ్గరి రేవులో దిగారు. తర్వాతి ఏళ్ళలో వేల మంది వచ్చారు. బస్సులు నడిపారు, రైల్వేలో చేరారు, ఆసుపత్రుల్లో నర్సులయ్యారు. కానీ అద్దె గది కోసం వెళితే తలుపు మీద నల్లవారికి ఇవ్వబడదన్న బోర్డు కనబడేది. బెంగళూరులోనో ముంబైలోనో ఇల్లు వెతుక్కున్న మన పిల్లలకు ఈ భాష కొత్తది కాదు. మన దగ్గర బోర్డు ఉండదు, ఇంటిపేరు అడుగుతారు, అంతే.

గుడి తలుపు దగ్గర కూడా అదే జరిగింది. వచ్చినవాళ్ళలో చాలామంది ఆంగ్లికన్, మెథడిస్టు, బాప్టిస్టు విశ్వాసులు. కొందరు ఊళ్ళో తమ పాస్టరుగారు రాసిచ్చిన ఉత్తరం పట్టుకుని ఆదివారం ఆరాధనకు వెళ్ళారు. ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర కరచాలనం చేసి, మీరు మళ్ళీ రాకపోతే మంచిది, మావాళ్ళకు ఇబ్బందిగా ఉంటుంది అని మర్యాదగా చెప్పి పంపిన పాదిరులున్నారు. ఆ గాయం నుంచే ఇళ్ళలో ప్రార్థన కూటాలు మొదలయ్యాయి, అద్దె హాళ్ళలో సంఘాలు లేచాయి. న్యూ టెస్టమెంట్ చర్చ్ ఆఫ్ గాడ్ 1953లో వుల్వర్‌హాంప్టన్‌లో అలా చిన్నగా మొదలైనదే. ఇంగ్లండ్ చర్చి జనరల్ సినడ్ ఈ జాతి వివక్షకు క్షమాపణ చెబుతూ తీర్మానం చేసింది 2020 ఫిబ్రవరిలో. విండ్‌రష్ రేవుకు చేరి అప్పటికి 71 ఏళ్ళు దాటింది.

1958 ఆగస్టు నెలాఖరులో తెల్ల కుర్రాళ్ళ గుంపులు నాటింగ్ హిల్‌లో కరీబియన్ల ఇళ్ళ మీద పడ్డాయి. రోజుల తరబడి రాళ్ళు, పెట్రోలు బాంబులు, కర్రలు. అప్పుడు నాటింగ్ హిల్ ఈనాటిలా ధనికుల పేట కాదు. ఇరుకు గదులు, దోపిడీ ఇంటి యజమానులు, పేద తెల్లవాళ్ళు, పేద నల్లవాళ్ళు ఒకే గోడకు అటూ ఇటూ.

ఇక్కడే క్లాడియా జోన్స్ గురించి చెప్పాలి. ట్రినిడాడ్‌లో 1915లో పుట్టి, చిన్నప్పుడే న్యూయార్క్ హార్లెమ్‌కు చేరిన స్త్రీ. కమ్యూనిస్టు. ఆ కారణంగానే అమెరికాలో జైలుపాలై, 1955లో దేశం నుంచి గెంటివేయబడి లండన్ వచ్చింది. క్షయ వల్ల ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్న మనిషి. 1958లో బ్రిక్స్‌టన్‌లో వెస్ట్ ఇండియన్ గెజెట్ అనే పత్రిక పెట్టింది. దాడులు జరిగిన అయిదు నెలలకు, 1959 జనవరి 30న, సెయింట్ పాంక్రాస్ టౌన్ హాల్లో ఒక కార్నివాల్ ఏర్పాటు చేసింది. ట్రినిడాడ్‌లో కార్నివాల్ లెంటు ముందు వస్తుంది. లండన్‌లో ఆ రోజుల్లో వణికించే చలి, అందుకే హాల్లో పెట్టారు. బీబీసీ దాన్ని టీవీలో చూపించింది. పాట, నాట్యం, స్టీల్ బ్యాండు, అందాల పోటీ, అన్నీ ఉన్నాయి.

ఆ సాయంత్రం అమ్మిన చిన్న పుస్తకంలో ఒక మాట అచ్చువేశారు. దీని అమ్మకం సొమ్ములో కొంత నాటింగ్ హిల్ ఘటనల్లో కేసులు పడిన నల్ల, తెల్ల కుర్రాళ్ళ జరిమానాలు కట్టడానికి వెళుతుందని. మళ్ళీ చదవండి. తెల్ల కుర్రాళ్ళవి కూడా. క్షమాపణ గురించి మనం ఆదివారం చెప్పే ప్రసంగాలన్నిటి పక్కన ఈ ఒక్క వాక్యాన్ని పెట్టుకుని చూస్తే నాకైతే కాస్త సిగ్గుగానే ఉంటుంది. ఆమె ఏ సంఘానికీ చెందిన విశ్వాసి కాదు. 1964లో కన్నుమూసింది, లండన్ హైగేట్ శ్మశానంలో కార్ల్ మార్క్స్ సమాధి పక్కన పాతిపెట్టారు.

ఆ మొదటి కార్నివాల్ జరిగిన నాలుగు నెలలలోపే, 1959 మే 17 రాత్రి, కెల్సో కాక్రేన్ అనే యువకుణ్ణి నాటింగ్ హిల్ వీధిలో కత్తితో పొడిచి చంపారు. ఆంటిగ్వా నుంచి వచ్చిన 32 ఏళ్ళ వడ్రంగి, లా చదువుకు డబ్బు కూడబెట్టుకుంటున్నాడు. ఈ రోజు వరకూ ఎవరికీ శిక్ష పడలేదు. అతని అంత్యక్రియలకు లాడ్‌బ్రోక్ గ్రోవ్‌లోని చర్చి దగ్గరికి వెయ్యి మందికి పైగా వచ్చారు, తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ కలిసి నడిచారు. నాటింగ్ హిల్ వీధుల్లో రెండు జాతులు కలిసి నడిచిన ఆ పెద్ద ఊరేగింపు ఒక శవం వెనక నడిచినది.

వీధి పండుగగా మారింది 1966లో. రౌన్ లాస్లెట్ అనే స్థానిక సంఘసేవకురాలు చుట్టుపక్కల పిల్లల కోసం చిన్న జాతర తలపెట్టింది. స్టీల్ పాన్ వాయించే రస్సెల్ హెండర్సన్ బృందాన్ని పిలిచింది. కాసేపు ఒకచోట నిలబడి వాయించిన హెండర్సన్, పాన్ మెడకు తగిలించుకుని నడవడం మొదలుపెట్టాడు. పిల్లలు వెంటపడ్డారు, తల్లులు వెంటపడ్డారు, కిటికీల్లోంచి చూస్తున్నవాళ్ళు మెట్లు దిగి వచ్చారు. కార్నివాల్‌కు తల్లి క్లాడియానా, రౌనా అని అక్కడ ఇప్పటికీ వాదన నడుస్తూనే ఉంటుంది. ఒకరు హాల్లో అంటించారు, ఒకరు వీధిలో పెట్టారు. నాకు ఆ వాదనలో పెద్ద రుచి కనబడదు. 1970ల మొదట్లో లెస్లీ పామర్ అనే ట్రినిడాడ్ యువ ఉపాధ్యాయుడు జమైకన్ కుర్రాళ్ళ సౌండ్ సిస్టమ్‌లను కూడా కలిపాక వేలు లక్షలయ్యాయి.

ఇక ఆ పాన్ సంగతి. దీనిలో మనకూ భాగముంది.

ట్రినిడాడ్‌లో బానిసలుగా ఉన్న రోజుల్లో చెరకు తోట తగలబడితే కొరడాలతో తోలి మంట ఆర్పడానికి పంపేవారు. విముక్తి వచ్చాక, అదే దృశ్యాన్ని కాగడాలతో, డ్రమ్ములతో వీధిలో ఆడి చూపడం మొదలుపెట్టారు. దాన్ని కాన్‌బులే అంటారు, కాలిన చెరకు అనే ఫ్రెంచి మాట నుంచి వచ్చింది. 1881లో పోలీసులు దాన్ని అణచబోతే జనం కర్రలతో ఎదురు నిలిచారు. 1884లో డ్రమ్ముల మీద, కాగడాల మీద ఆంక్షలు పెడుతూ చట్టం తెచ్చారు. తోలు డ్రమ్ము పోతే వెదురు బొంగులు నేలకేసి కొట్టారు. తర్వాత బిస్కట్ డబ్బాలు, పెయింటు డబ్బాలు, చివరికి ఖాళీ ఆయిల్ పీపాలు. పీపా అడుగును సుత్తితో మలిచి స్వరాలు పలికించారు. అదీ స్టీల్ పాన్. 2023లో ఐక్యరాజ్యసమితి ఆగస్టు 11ను ప్రపంచ స్టీల్ పాన్ దినంగా ప్రకటించింది. చెత్తకుప్ప మీది పీపా నుంచి న్యూయార్క్ సభాభవనం దాకా.

అదే 1884లో అక్టోబరు 30న ట్రినిడాడ్‌లోని శాన్ ఫెర్నాండో దగ్గర పోలీసులు ఇంకో ఊరేగింపు మీద కాల్పులు జరిపారు. ఈసారి చనిపోయింది భారతీయ కూలీలు, కనీసం 16 మంది. గాయపడినవాళ్ళు వందకు పైనే. అది మొహర్రం ఊరేగింపు, అక్కడ హోసే అంటారు. మన ఊళ్ళ పీర్ల పండుగలాగే అందులో ముస్లిములతో పాటు హిందువులూ ఉన్నారు, ఆఫ్రికన్లూ డ్రమ్ములు పట్టుకుని కలిశారు. 1845 నుంచి 1917 మధ్య ట్రినిడాడ్‌కు లక్షా నలభై వేలకు పైగా భారతీయులను ఒప్పంద కూలీలుగా తీసుకుపోయారు. ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి వెళ్ళినవాళ్ళే అయినా, మద్రాసు రేవు నుంచి వెళ్ళినవాళ్ళలో తమిళులతో పాటు తెలుగువాళ్ళూ ఉన్నారు. పక్కనున్న గయానాలో మద్రాసీల సంతతి ఈనాటికీ అమ్మవారి కొలుపుల్లో ఒక వాయిద్యం మోగిస్తారు. దాని పేరు తప్పు. గుండ్రటి చట్రం, బిగించిన తోలు. భాష పోయింది, ఇంటిపేర్లు పోయాయి, డప్పు మిగిలింది.

మరి మన సంఘాల్లో? కీబోర్డుకు, ప్యాడ్లకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. డప్పు తెస్తామంటే కమిటీ మీటింగు పెట్టాలి. దీన్ని వెక్కిరించడానికి చెప్పడం లేదు. మన తాతలకు డప్పు కళ కాదు, వెట్టి. ఎవరి శవానికైనా, ఎవరి జాతరకైనా పిలవగానే వెళ్ళి కొట్టాల్సిందే, కూలి అడగకూడదు. డప్పు కింద పెట్టడమే వాళ్ళకు విడుదల. ఆ పెద్దల బాధ తెలియకుండా యువత డప్పును ఫ్యాషన్‌గా ఎత్తుకుంటే అది కూడా అన్యాయమే. లండన్ నల్లజాతి పెంతెకొస్తు సంఘాల్లోనూ పెద్దలు చాలామంది కార్నివాల్‌కు దూరంగానే ఉన్నారు. రమ్ము, పలుచని బట్టలు, అర్ధరాత్రి దాకా గోల, వాళ్ళ అభ్యంతరాలకు అర్థముంది. కానీ 150వ కీర్తన తంబురను, నాట్యాన్ని పేరుపెట్టి పిలిచినప్పుడు అవి ఎవరి చేతుల్లో ఉండాలో షరతు పెట్టలేదు.

పోలీసుల కథ కూడా చెప్పకపోతే ఇది సగమే. 1968లో ఫ్రాంక్ క్రిచ్‌లో అనే ట్రినిడాడ్ మనిషి ఆల్ సెయింట్స్ రోడ్డులో మాంగ్రోవ్ అనే హోటల్ పెట్టాడు. భోజనం దొరికేది, కబుర్లు దొరికేవి, కేసు పడినవాడికి సలహా దొరికేది. ఏడాదిన్నరలో పోలీసులు డజను సార్లు సోదా చేశారు. 1970 ఆగస్టు 9న జనం నిరసన ఊరేగింపు తీశారు. తొమ్మిది మంది మీద అల్లర్ల కేసు పెట్టారు. 1971లో 55 రోజులు విచారణ జరిగాక, అల్లర్ల అభియోగం నుంచి తొమ్మిది మందీ బయటపడ్డారు. పోలీసుల్లో జాతి ద్వేషం ఉందని జడ్జి నోటి నుంచి వచ్చింది కూడా ఆ కోర్టులోనే. మాంగ్రోవ్ పేరుతో స్టీల్ బ్యాండు ఇప్పటికీ కార్నివాల్‌లో నడుస్తుంది.

1976 కార్నివాల్‌కు మూడు వేల మంది పోలీసులను దించారు. ఘర్షణ జరిగింది, వందల మంది గాయపడ్డారు. అప్పట్లో 1824 నాటి దిమ్మరుల చట్టం కింద, నేరం చేస్తాడేమో అన్న అనుమానం మీదే నల్ల కుర్రాళ్ళను పట్టుకునేవారు. 1871లో అదే ప్రభుత్వం మన దేశంలో నేరస్థ తెగల చట్టం తెచ్చింది. ఎరుకల, యానాది కుటుంబాల పిల్లలకు పుట్టుకతోనే అనుమానితుల ముద్ర పడింది. ఒకే చేతి రాత, చూడగానే పోల్చుకోవచ్చు.

కార్నివాల్ మచ్చ లేనిదని నేను అనను. 2024లో ఆ రోజుల్లో జరిగిన దాడుల్లో ఇద్దరు చనిపోయారు. వాళ్ళలో ఒకరు మూడేళ్ళ బిడ్డతో వచ్చిన తల్లి. ఆ బిడ్డ ముందు నిలబడి సంస్కృతి, వారసత్వం అని ఉపన్యాసం ఇవ్వడం ఎవరివల్లా కాదు. జనం తొక్కిడిలో పెద్ద ప్రమాదం జరగొచ్చన్న హెచ్చరికలూ ఉన్నాయి. 2025లో భద్రత ఖర్చులకు డబ్బు సరిపోక పండుగ జరుగుతుందా లేదా అన్న స్థితి వచ్చింది. చివరికి లండన్ మేయర్ కార్యాలయం, రెండు స్థానిక కౌన్సిళ్ళు కలిసి పది లక్షల పౌండ్లకు కాస్త తక్కువగా ఇచ్చాక గండం గడిచింది. పార్కులోకి మార్చండి, గేటు పెట్టి టిక్కెట్టు అమ్మండి అనే సలహా ఏటా వస్తుంది. పార్కులో భద్రత పెరగవచ్చు. కానీ కాక్రేన్ చచ్చిపడిన వీధికి, ఏ గది అద్దెకు ఇవ్వమన్నారో ఆ ఇంటి ముందుకు డ్రమ్ము తీసుకుని రావడమే ఆ పండుగ. గేటు లోపల అది మామూలు కచేరీ అవుతుంది.

నాటింగ్ హిల్‌కు ఆనుకుని గ్రెన్‌ఫెల్ టవర్ ఉంది. 2017 జూన్ 14న ఆ భవనం కాలిపోయి 72 మంది చనిపోయారు. చాలామంది పేదలు, వలస వచ్చినవాళ్ళు. అప్పటి నుంచి కార్నివాల్ రెండు రోజులూ మధ్యాహ్నం మూడు గంటలకు స్పీకర్లన్నీ ఆగుతాయి. 72 సెకన్లు లక్షల మంది నోరు మెదపరు. తర్వాత మళ్ళీ మోగుతుంది.

కోలారు గనుల పేటల్లో, ధారావిలో, బరంపురంలో, యానాంలో ఈ పత్రిక చదువుతున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక పని చెబుతాను. మీ పేటలో డప్పు కొట్టిన ముసలివాళ్ళు ఎవరైనా మిగిలి ఉంటే ఈ క్రిస్మస్ లోపల వెళ్ళి కూర్చోండి. ఏ దరువు ఎప్పుడు కొట్టేవారో, ఎప్పుడు ఎందుకు మానేశారో అడిగి ఫోనులో రికార్డు చేయండి. వాళ్ళు వాయించనంటే బలవంతపెట్టొద్దు. మానేసిన కథ చెప్పినా చాలు, అది కూడా మాకు పంపండి.