తాళం ఒకరి చేతిలో, లెక్క ఇంకొకరి చేతిలో

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపండి అన్నా అని హాస్టల్ తమ్ముళ్ళు ఫోన్ చేసినప్పుడు, చదువు గురించో, పోటీ పరీక్షల గురించో నాలుగు మాటలు రాద్దామనుకున్నాం. కానీ సెలవులకు ఊరికి వచ్చిన రోజు తెల్లవారుజామున టెక్కలి రోడ్డు మీద పరుగెడుతున్న కుర్రాళ్ళను చూశాక మనసు మారింది. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి... ఉద్దానంలో ఏ ఊరికి వెళ్ళినా ఇదే పరుగు. ఆర్మీ, నేవీ, సి.ఆర్.పి.ఎఫ్., లేదంటే పోలీసు కానిస్టేబులు, అదీ కాకపోతే హోంగార్డు. ఏదో ఒక యూనిఫాం ఇంటికి రావాలి. 2022 నుంచి ఆర్మీలో సిపాయి ఉద్యోగం అగ్నివీర్ పేరుతో నాలుగేళ్ళకే పరిమితమైనా పరుగు మాత్రం ఆగలేదు.

మన ఇళ్ళ నుంచి వెళ్ళేవాళ్ళలో ఎక్కువమంది చేరేది చిట్టచివరి మెట్టు మీదే. అందుకే ఆ మెట్టు మీద నిలబడినవాడికి ఏం జరుగుతుందో మనం తెలుసుకోవాలి. తెలియక మోసపోయేది మన అన్నలూ, మన తమ్ముళ్ళే.

2010 ఏప్రిల్ 6న ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ జిల్లాలో మావోయిస్టుల దాడిలో 76 మంది జవాన్లు చనిపోయారు. అదే నెలాఖరులో ఉత్తరప్రదేశ్ పోలీసులు రాంపూర్‌లో కొందరిని పట్టుకున్నారు. ప్రభుత్వ ఆయుధాగారాల నుంచి తూటాలు బయటికి పోతున్నాయనీ, అవి మావోయిస్టుల దాకా చేరుతున్నాయనీ ఆరోపణ. పదమూడేళ్ళు విచారణ సాగింది. 2023 అక్టోబరులో రాంపూర్ కోర్టు 24 మందికి పదేళ్ళ చొప్పున జైలుశిక్ష వేసింది. నలుగురు బయటివాళ్ళు, మిగిలిన 20 మంది సి.ఆర్.పి.ఎఫ్., పి.ఎ.సి., పోలీసు శాఖల సిబ్బంది. కానిస్టేబుళ్ళు, హెడ్ కానిస్టేబుళ్ళు, హవల్దార్లు, ఆర్మరర్లు. ఆర్మరర్ అంటే తుపాకులు తుడిచి, బాగుచేసి, లెక్కపెట్టి అప్పగించే మనిషి.

2018లో బీహార్‌లోని ముంగేర్‌లో ఎ.కె.47 తుపాకులు పట్టుబడ్డాయి. కూపీ లాగితే అది మధ్యప్రదేశ్‌లోని జబల్‌పూర్ సెంట్రల్ ఆర్డినెన్స్ డిపో దగ్గర తేలింది. పనికిరావని పక్కన పెట్టిన తుపాకుల భాగాలను బయటికి తెచ్చి, జోడించి, అమ్మారని పోలీసులు చెప్పారు. ఏళ్ళ తరబడి సాగిందనీ, అరవై డెబ్బై తుపాకులు వెళ్ళిపోయాయనీ అన్నారు. అరెస్టయినవాళ్ళలో ముఖ్యులు ఒక రిటైరైన ఆర్మరర్, స్టోరులో పనిచేసే ఒక ఉద్యోగి.

2019 సెప్టెంబరులో కొచ్చి షిప్‌యార్డులో తయారవుతున్న విక్రాంత్ విమానవాహక నౌకలోంచి కంప్యూటర్ భాగాలు పోయాయి. శత్రుదేశపు గూఢచారులేమోనని దేశమంతా కంగారుపడింది. ఎన్.ఐ.ఎ. వేలమంది కార్మికుల వేలిముద్రలు పరిశీలించి, 2020 జూన్‌లో ఇద్దరిని అరెస్టు చేసింది. ఒకరిది బీహార్, ఒకరిది రాజస్థాన్. ఇద్దరూ కాంట్రాక్టు మీద రంగులు వేసే కూలీలు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. దొంగతనం చేసినవాణ్ణి వెనకేసుకు రావడానికి మేము ఈ వ్యాసం రాయడం లేదు. తూటా అమ్ముకున్నవాడు తన తోటి జవాను ప్రాణాన్నే అమ్ముకున్నాడు. దంతెవాడలో చనిపోయినవాళ్ళు కూడా మనలాంటి ఇళ్ళ పిల్లలే. కోర్టు శిక్ష వేస్తే అనుభవించాల్సిందే. పై అధికారులు ఎన్నడూ పట్టుబడరనీ మేము అనడం లేదు. నౌకాదళం వార్ రూమ్ నుంచి రహస్యాలు బయటికి పోయిన 2005 నాటి కేసులో నిందితుల్లో అధికారులూ ఉన్నారు.

మా ప్రశ్న వేరు. తూటా అంటే కిరాణా కొట్టులో బఠాణీ గింజ కాదు. ఫైరింగ్ ప్రాక్టీసుకు ఎన్ని తూటాలు ఇచ్చారో, కాల్చాక ఎన్ని ఖాళీ తొడుగులు తిరిగి వచ్చాయో రిజిస్టరులో రాయాలి. రాసినదాని మీద అధికారి సంతకం పడాలి. ఏడాదికోసారి తనిఖీ, ఆపైన ఆడిట్. ఇన్ని సంతకాలు దాటుకుని తూటాలు ఏళ్ళకేళ్ళు బయటికి పోయాయంటే, సంతకాలు పెట్టినవాళ్ళు లెక్క చూడకుండా అయినా పెట్టి ఉండాలి, చూసి కూడా పెట్టి ఉండాలి. మొదటిది నిర్లక్ష్యం, రెండోది నేరం. రెండింటిలో ఏది జరిగిందో తేల్చకుండా కేసు ముగిసిందంటే అది సగం కేసే. తాళం పట్టుకున్నవాడు జైలుకు వెళ్తాడు. లెక్క చూడాల్సినవాడు మరో చోటికి బదిలీ అవుతాడు, ప్రమోషన్ కూడా రావచ్చు. ఆ స్టోరులో పద్ధతి మాత్రం మారదు. కొన్నాళ్ళకు మళ్ళీ పోతుంది, మళ్ళీ ఇంకో తాళంవాడు దొరుకుతాడు.

ఇది మాకు పేపర్లు చదివి తెలిసిన విషయం కాదు. తొమ్మిదో తరగతిలో ఉండగా తెలిసింది. అప్పుడు మేమున్న హాస్టల్ పేరు ఇక్కడ అక్కర్లేదు. ఒకరోజు తనిఖీ వచ్చింది. స్టోరులో బియ్యం బస్తాలు లెక్కకు తగ్గాయి. కామాటి తాతను పిలిచారు. స్టోరు తాళం ఆయన మొలతాడుకే ఉండేది. తర్వాత మమ్మల్ని నలుగురిని ఆఫీసు గదిలోకి పిలిచి, "స్టోరు తాళం ఎవరు తీస్తారు?" అని అడిగారు. "కామాటి తాత సార్" అన్నాం. అది రాసుకుని మా చేత సంతకాలు పెట్టించుకున్నారు. తాళం ఎవరు తీయమంటే తీస్తాడు అని అడగలేదు. రాత్రిపూట గేటు దగ్గరకు ఆటో ఎప్పుడెప్పుడు వచ్చేదో అడగలేదు. అడగలేదు కాబట్టి మేమూ చెప్పలేదు. మేము చెప్పింది అబద్ధం కాదు. కానీ సగమే చెప్పాం. ఆ సగమే ఆయన ఉద్యోగం తీసేసింది.

వెళ్ళిపోయే రోజు వంటగది అరుగు మీద కూర్చుని ఆయన అన్న మాట మాకు ఇప్పటికీ చెవిలోనే ఉంది. "తాళం నా సేతిలో ఉంది బాబూ, లెక్క నా సేతిలో నేదు." ఎవరి మీదా తిట్టు లేదు, శాపం లేదు. తర్వాత కొన్నాళ్ళు కొబ్బరికాయలు ఒలిచే కూలికి వెళ్ళాడు. 2018లో తిత్లీ తుపానుకు తోటలు కూలిపోయాక ఆ పనీ పోయింది. హైదరాబాదులో ఏదో అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గా వెళ్ళాడని విన్నాం. అక్కడా తాళాలే.

ఆ బియ్యం ఎవరు తీశారో మాకు నేటికీ తెలియదు. ఆయనే తీశాడేమో, కాదేమో. తెలుసుకోవాలని ఎవరూ అనుకోలేదు. అదే మా బాధ.

మాలో కొందరి అమ్మలు పలాసలో జీడి పిక్కలు కొట్టి పప్పు ఒలిచే పనికి వెళ్ళేవారు. పప్పు తూకం తగ్గిన సాయంత్రం గేటు దగ్గర చెంగు దులిపి చూపించి బయటికి రావాలి. యజమాని కారు డిక్కీ ఆ గేటు దగ్గర ఎప్పుడూ తెరుచుకోదు. కులవ్యవస్థ గురించి అంబేడ్కర్ గారు చెప్పిన మెట్ల వరుస మనందరికీ తెలిసిందే. పైకి వెళ్ళేకొద్దీ గౌరవం, కిందికి దిగేకొద్దీ అవమానం. అనుమానం దిగే దారి కూడా ఆ మెట్ల మీదుగానే.

చనిపోయినా ఈ అనుమానం వదలదు. 2023 అక్టోబరు 29 సాయంత్రం మన విశాఖ-పలాస పాసింజరును విజయనగరం జిల్లా కంటకాపల్లి, అలమండ స్టేషన్ల మధ్య వెనకనుంచి వచ్చిన రాయగడ పాసింజరు గుద్దింది. 14 మంది చనిపోయారు. ఆ బండి ఎక్కి ఇంటికి రాని మనిషి మనలో ఎవరుంటారు? సరిగా పనిచేయని ఆటోమేటిక్ సిగ్నళ్ళ దగ్గర నియమాలు పాటించలేదని తొలి నివేదికలోనే రాయగడ బండి డ్రైవరు, అసిస్టెంటు బాధ్యులయ్యారు. ఇద్దరూ ఆ ప్రమాదంలోనే పోయారు. 2024 మార్చిలో రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ గారు, వాళ్ళు ఫోనులో క్రికెట్ చూస్తున్నారని చెప్పారు. దేశమంతా ఆ మాట నమ్మింది. తర్వాత దర్యాప్తులో ఆ మాటకు ఆధారం దొరకలేదు. నియమం తప్పి ఉండవచ్చు, అది వేరు. క్రికెట్ మాట వేరు. ఆ మాట పడ్డవాళ్ళ పిల్లలు బడికి వెళ్ళే దారిలో ఏం విని ఉంటారో ఆలోచించండి. సిగ్నళ్ళు ఎందుకు పాడయ్యాయి, ఎవరు బాగుచేయించాలి అన్న ప్రశ్న క్రికెట్ గోలలో ఎంతమందికి గుర్తుంది?

మరి ఎక్కడా వేరేగా జరగదా? జరిగింది. 2017 జూన్‌లో పోర్చుగల్‌లోని టాంకోస్ సైనిక ఆయుధాగారం నుంచి ఆయుధాలు పోయాయి. అక్కడి నిఘా కెమెరాలు రెండేళ్ళుగా పనిచేయడం లేదని బయటపడింది. పోయినవి దొరికాయన్న కథ మిలిటరీ పోలీసులు ఆడిన నాటకమని తర్వాత కేసు నడిచింది. 2018 అక్టోబరులో రక్షణ మంత్రి రాజీనామా చేశారు, వారం తిరగకుండా సైన్యాధిపతీ రాజీనామా చేశారు. మంత్రి మీద కేసు కూడా పెట్టారు. 2022లో కోర్టు ఆయన్ను నిర్దోషి అని విడిచిపెట్టింది. అది కూడా మంచిదే. పైవాడిని ప్రశ్నించడమంటే పైవాడిని ఉరి తీయడం కాదు. కాపలావాడిని అడిగినట్టే మంత్రినీ అడగడం, ఇద్దరి జవాబునూ ఒకే తూకంలో వేయడం.

పై అధికారులను ప్రశ్నిస్తే క్రమశిక్షణ చెడుతుందని కొందరంటారు. సైన్యంలో, పోలీసులో క్రమశిక్షణ ఉండాలి, కాదనం. కానీ క్రమశిక్షణ అంటే ఆజ్ఞ కిందికి దిగడమే కాదు, బాధ్యత పైకి ఎక్కడం కూడా. ఆజ్ఞ ఇచ్చే అధికారం ఉన్నవాడికి ఆ ఆజ్ఞకు జవాబు చెప్పే బరువు కూడా ఉండాలి. కిందివాడు నోరు విప్పితే ఏమవుతుందో కూడా చూశాం. తిండి బాగాలేదని 2017 జనవరిలో వీడియో పెట్టిన బి.ఎస్.ఎఫ్. జవాను తేజ్ బహదూర్ యాదవ్‌ను అదే ఏడాది ఏప్రిల్‌లో ఉద్యోగం నుంచి తీసేశారు. చెప్పినవాడికి ఇదే గతి అయితే, స్టోరులో లెక్క తప్పుతోందని రేపు ఏ ఆర్మరర్ వచ్చి చెబుతాడు? చెప్పలేనివాడు ఒకరోజు తానూ చెయ్యి పెడతాడు. దొంగతనం అలా పెరుగుతుంది.

మేము అడుగుతున్నది పెద్ద కోరిక కాదు. ప్రభుత్వ ఆయుధమైనా, హాస్టల్ బియ్యమైనా పోయినప్పుడు, తాళం ఎవరి దగ్గరుందో రాసిన కాగితం మీదే రిజిస్టరులో ఆఖరి సంతకం ఎవరిదో, ఆఖరి తనిఖీ ఎప్పుడు జరిగిందో, ఎవరు చేశారో కూడా రాయాలి. ఆ పేర్లకూ నోటీసు వెళ్ళాలి. లోపం చెప్పిన కిందివాడికి రక్షణ ఉండాలి. విచారణ పూర్తికాకముందే పెద్దలు మైకు ముందు కిందివాడి తప్పు తేల్చేయకూడదు.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! మీలో రేపు కొందరు కానిస్టేబుళ్ళు, జవాన్లు అవుతారు. లెక్కపెట్టకుండా దేనిమీదా సంతకం పెట్టకండి. నోటిమాటగా చెప్పిన పనిని తేదీ వేసి ఒక డైరీలో రాసుకోండి. చిన్న విషయమే, కానీ చాలామందిని కాపాడేది అదే. మీలో కొందరు యస్.ఐ.లు, వార్డెన్లు, తహసీల్దార్లు కూడా అవుతారు. అవ్వాలి. మా ఇళ్ళల్లో డిగ్రీ చదివిన మొదటివాళ్ళం మేమే. మా వెనక వచ్చేవాళ్ళు మమ్మల్ని దాటి వెళ్ళాలని కోరుకుంటాం. అప్పుడు ఏదో ఒకరోజు మీ బల్ల ముందు ఒక కామాటి తల వంచుకుని నిలబడతాడు. తాళం ఎవరి దగ్గరుంది అని అడగండి, తప్పులేదు. రెండో ప్రశ్న కూడా అడగండి. మేము తొమ్మిదో తరగతిలో అడగని ప్రశ్న, ఆరోజు ఏ సారూ అడగని ప్రశ్న అది: లెక్క ఎవరి దగ్గరుంది?