నల్ల పొడికి లెక్కుంది, నల్లబడ్డ చేతులకు లెక్కేది?



మొన్న పండుగకు మా వాడ పిలగాడు ఊరికొచ్చిండు. గద్వాల పక్క ఊరు మాది. వాడు పట్నం అంచున ఒక మందుల కంపెనీల కాంట్రాక్ట్ హెల్పర్. ముంజేతులు పగిలి ఒకటే దురద. "ఏం పనిరా?" అంటే, "డ్రమ్ములల్ల నల్ల పొడి నింపుడన్నా" అన్నడు. పొడి పేరడిగితే తెల్వదన్నడు.

మందుల కంపెనీలల్ల అసుంటి నల్ల పొడి ఒకటుంటది, పల్లాడియం కార్బన్. బడిల ఉత్ప్రేరకం అని చదువుకున్నం కదా, అదే కెటలిస్టు. మందు తయారీల హైడ్రోజన్‌ను కలపడానికి వాడి, పనైనంక వడగడ్తరు. తడి ఆరితే గాలి తగిలి దానంతట అదే అంటుకోవచ్చు. రానే నికెల్ అనేది ఇంకోటి. అదీ అంతే, నీళ్లల్ల ముంచి పెట్టాలె. నికెల్ కొందరి చర్మానికి పడదు. దాని సమ్మేళనాల దుమ్ము ఏళ్లకేళ్లు పీలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు. మా పిలగానికి ఇందుల ఒక్క ముక్క ఎవరూ చెప్పలే.

పొడి విలువ మాత్రం కంపెనీలకు బాగ తెలుసు. రష్యా, దక్షిణాఫ్రికా గనులల్ల టన్ను రాయి తవ్వితే ఈ జాతి లోహాలు దొరికేది కొన్ని గ్రాములే. ఈ పొడి ఎండుది కిలో తీసుకుంటే, మామూలుగా 50 నుంచి 100 గ్రాముల పల్లాడియం ఉంటది. అందుకే తూకం, సీలు, రిఫైనరీకి ప్రయాణం. అక్కడ కార్బన్‌ను కాల్చి, బూడిదను ఆమ్లంల కరిగించి లోహాన్ని మళ్ల తీస్తరు.

తియ్యాలె. దానికి నేను అడ్డం కాదు. పారబోస్తే మన చెర్లు, బోర్లే పాడైతయి. నా కొట్లాట లెక్క కాడ. గ్రాము పొడి తక్కువైతే ఎంక్వైరీ. మనిషి చెయ్యి పగిలితే రిజిస్టర్ల పేరే లేదు.

చట్టం లేదా? ఉంది. భోపాల్ తర్వాత, 1987ల అప్పటి ఫ్యాక్టరీల చట్టంల ఒక అధ్యాయమే కలిపిండ్రు: ప్రమాదమేందో కార్మికునికి చెప్పాలని, ఏటా వైద్య పరీక్ష చెయ్యాలని అందుల ఉండె. 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనలల్ల వాడేసిన కెటలిస్టు కూడా ఉంది. లారీ ఎక్కితే ఏడు ప్రతుల కాగితం రాయాలె. అదే నిబంధనలల్ల 5వది చదవండి. రీసైక్లింగ్ కార్మికులను కార్మిక శాఖ గుర్తించి నమోదు చెయ్యాలె, పని నేర్పాలె, వాళ్లు గుంపుగట్టి యూనిట్ పెట్టుకుంటే సాయం చెయ్యాలె, ఏటా ఆరోగ్యం చూడాలె. వనపర్తిల, నాగర్‌కర్నూల్ల పాత సామాన్ల కొట్టుకాడ కారు సైలెన్సర్ పగలగొట్టే పిల్లలను అడగండి. దానిల ప్లాటినం, పల్లాడియం, రోడియం పూసిన కెటలిస్టు ఉంటది. ఆ దుమ్ము వాళ్ల ముక్కులకు పోతది. వాళ్ల పేరు ఏ ఆఫీసుల నమోదైంది?

ఇది కొత్త కథ కాదు. చచ్చిన గొడ్డును మోసి, తోలు వొలిచి, లందల తంగేడు చెక్కతోని ఊనబెట్టి, చెప్పు, డప్పు, మోట బొక్కెన చేసింది మాదిగోళ్లు. మోట నీళ్లు దొర పొలానికి, అంటు మా ఒంటికి. ఇప్పుడు దాన్నే సర్క్యులర్ ఎకానమీ అని స్టేజీల మీద చెప్తుండ్రు. లోహం రిఫైనరీకి, దురద మా పిలగానికి!

అడిగితే ఏమైతదో కూడా చూసినం. 2025 జూన్‌ల మన పెద్ద ధన్వాడల ఇథనాల్ కంపెనీ వద్దన్న రైతులకు బేడీలేసి కోర్టుకు తెచ్చిండ్రు. అయినా అడుగుదాం. 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్ల కార్మిక శాఖ చూసిన బాబాసాహెబ్ వారసులం మనం.

మూడు జిల్లాల కార్మిక శాఖ ఆఫీసులల్ల సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఒకటే ప్రశ్న: 5వ నిబంధన కింద ఇప్పటిదాకా ఎంతమంది పేర్లు రాసిండ్రు? వచ్చిన జవాబు నాకు పంపండి. వచ్చే భాగంల అదే రాస్త.

జై భీమ్!