అమ్మారా, అమ్ముకున్నారా?

తెలుగు నేర్చుకుంటుంటే నాకు బాగా నచ్చిన చిన్న ముక్క "కొను". క్రియ చివర చేరి అర్థాన్ని తిప్పేస్తుంది. "వండింది" అంటే ఎవరికోసమైనా కావచ్చు. "వండుకుంది" అంటే తనకోసం. ఇంతవరకు వ్యాకరణం పుస్తకంలో ఉంది. పుస్తకంలో లేనిది అమ్మమ్మ దగ్గర విన్నాను. తెనాలి పక్క ఊళ్ళో ఎవరైనా పొలం వదిలేస్తే ఆవిడ రెండు రకాలుగా చెప్పేది. "వాళ్ళు పొలం అమ్మారు" అంటే మంచి ధర వచ్చింది, ఇచ్చేశారు, అంతే. "పాపం, పొలం అమ్ముకున్నారు" అంటే పెళ్ళో, అప్పో, ఆసుపత్రో ఏదో మెడ మీద కూర్చుందని.

ఈ తేడాని జర్మన్‌లో ఒక్క మాటలో చెప్పడం నాకు ఇప్పటికీ రాదు. కానీ నేనుండే కోల్న్ నగరంలో ఈ చలికాలమంతా ఫుట్‌బాల్ అభిమానులు వాదించుకుంటున్నది సరిగ్గా దీని గురించే. ట్రామ్‌లో, ఆఫీసు క్యాంటీన్‌లో, బేకరీ వరుసలో ఒకటే పేరు: సాయిద్ ఎల్ మాలా. 2006లో క్రేఫెల్డ్‌లో పుట్టిన కుర్రాడు. మా క్లబ్బు ఎఫ్‌సీ కోల్న్ 2024లో అతన్ని ఇదే ఊళ్ళోని విక్టోరియా క్లబ్బు నుంచి తీసుకుని, ఒక సంవత్సరం అక్కడే మూడో లీగ్‌లో ఆడనిచ్చింది. ఇప్పుడు బుండెస్‌లీగాలో మొదటి సీజన్‌లోనే బంతి తీసుకుని ఎడమ వైపు నుంచి పరిగెడితే స్టేడియం అంతా లేచి నిలబడుతోంది. నవంబరులో జాతీయ జట్టుకి పిలుపు వచ్చింది. దాంతో ఇంగ్లండ్ క్లబ్బుల కళ్ళు అతని మీద పడ్డాయి.

సగం మంది "ఇప్పుడే అమ్మేయాలి, ధర బాగుంది" అంటారు. మిగతా సగం "ఇంకో ఏడాది ఉంచాలి" అంటారు. నేను ఎటు వైపో చెప్పే ముందు డాలస్ దాకా ఒకసారి వెళ్ళి రావాలి.

మా పెద్దమ్మ కొడుకు డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాడు. అక్కడి చాలామంది తెలుగువాళ్ళలాగే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పెద్ద ఇల్లు, గరాజ్‌లో ఇంకో ఫ్రిజ్. కొందరిలాగా డాలస్ కౌబాయ్స్ పిచ్చి కూడా ఉంది. అది వాళ్ళ ఫుట్‌బాల్, అంటే చేత్తో ఆడేది. 2025 ఆగస్టు 28న కౌబాయ్స్ వాళ్ళ అతి మంచి ఆటగాడు మైకా పార్సన్స్‌ని గ్రీన్ బే ప్యాకర్స్‌కి ఇచ్చేశారు. వయసు 26. బదులుగా వచ్చింది కెన్నీ క్లార్క్ అనే ఒక ఆటగాడు, 2026లో ఒకటి, 2027లో ఒకటి, రెండు మొదటి రౌండ్ డ్రాఫ్ట్ పిక్స్.

డ్రాఫ్ట్ పిక్ అంటే తెలియనివాళ్ళకి. మనకి ఐపీఎల్ వేలం తెలుసు. అక్కడ డబ్బు ఉన్నవాడు పాడుకుంటాడు. అమెరికాలో వేలం లేదు, వంతులు ఉంటాయి. కాలేజీల నుంచి వచ్చే కొత్త ఆటగాళ్ళని 32 జట్లూ వరుసగా ఎంచుకుంటాయి, మొత్తం ఏడు రౌండ్లు. ముందటి ఏడాది అందరికంటే కింద ఉన్న జట్టుకి మొదటి వంతు. ఈ వంతునే పిక్ అంటారు. దాన్ని వేరే జట్టుకి ఇచ్చుకోవచ్చు, పుచ్చుకోవచ్చు. అంటే ఇంకా పేరు తెలియని, బహుశా ఇంకా కాలేజీలో పరీక్షలు రాస్తున్న ఒక కుర్రాడి కోసం మీ కళ్ళ ముందు ఉన్న కుర్రాడిని ఇచ్చేయడం.

ఆ రోజు అన్నయ్యకి ఫోన్ చేశాను. గొంతు చావింటి గొంతులా ఉంది. కానీ పది నిమిషాలకే వాదన మొదలుపెట్టాడు. "చూడవే, ఊరికే ఇవ్వలేదు. రెండు ఫస్ట్ రౌండ్ పిక్స్. 1989లో హెర్షెల్ వాకర్‌ని ఇచ్చినప్పుడూ అందరూ ఇలాగే ఏడ్చారు" అన్నాడు. అది నిజం. ఆ బేరంలో వచ్చిన పిక్స్ వల్లే ఎమిట్ స్మిత్ వచ్చాడు, 90లలో మూడు సూపర్ బౌల్స్ వచ్చాయి. 1995 సీజన్ తర్వాత ఒక్కటీ రాలేదు కాబట్టి డాలస్ అభిమానులు ఆ కథని కుటుంబ వెండి సామాను లాగా దాచుకుని పండక్కి బయటికి తీస్తారు.

జర్మనీలో డ్రాఫ్ట్ లేదు. డబ్బు ఉంది. మా దగ్గర దీనికి పాఠ్యపుస్తకం లాంటి కథ ఫ్లోరియన్ విర్ట్స్‌ది.

విర్ట్స్ 2003 మేలో కోల్న్ పక్కన పుల్‌హైమ్‌లో పుట్టాడు. ఏడేళ్ళ వయసు నుంచి ఎఫ్‌సీ కోల్న్ దగ్గరే నేర్చుకున్నాడు. 2019లో మా అండర్-17 జట్టు జర్మన్ ఛాంపియన్ అయినప్పుడు అందులో ఉన్నాడు. 2020 జనవరిలో, 16 ఏళ్ళకి, లెవర్కూసెన్ వెళ్ళిపోయాడు. లెవర్కూసెన్ ఎక్కడో లేదు. రైలులో ఇరవై నిమిషాలు. ఒకరి పిల్లల్ని ఒకరు లాక్కోకూడదని ఈ చుట్టుపక్కల క్లబ్బుల మధ్య పెద్దమనుషుల మాట ఒకటి ఉండేది. లెవర్కూసెన్ వాళ్ళు "మేం అతనికి ప్రొఫెషనల్ ఆటగాడి కాంట్రాక్టు ఇచ్చాం కాబట్టి ఆ మాట ఇక్కడ వర్తించదు" అన్నారు. కోల్న్‌కి దక్కింది రెండు లక్షల యూరోలని పత్రికలు రాశాయి. కోల్న్ ఊరి మధ్యలో రెండు గదుల ఫ్లాట్ కూడా ఆ డబ్బుకి కష్టమే.

తర్వాత జరిగింది మీకు తెలిసే ఉంటుంది. నాలుగు నెలలకే, 17 ఏళ్ళు నిండిన రెండు వారాలకి, బుండెస్‌లీగాలో ఆడాడు. 2024 ఏప్రిల్ 14న వెర్డర్ బ్రేమెన్ మీద మూడు గోల్స్ కొట్టి లెవర్కూసెన్‌కి మొదటి బుండెస్‌లీగా టైటిల్ తెచ్చాడు. ఆ సీజన్‌లో వాళ్ళు లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. 2025 జూన్‌లో లివర్‌పూల్ వెళ్ళాడు. 10 కోట్ల పౌండ్లు, షరతులు తీరితే ఇంకో 1.6 కోట్లు.

ఇక్కడ నాకు నవ్వు తెప్పించే లెక్క ఒకటి ఉంది. ఆటగాడు దేశం దాటి అమ్ముడైతే, ఫీఫా నియమం ప్రకారం ఆ ధరలో ఐదు శాతం చిన్నప్పటి నుంచి నేర్పిన క్లబ్బులన్నీ పంచుకుంటాయి. 12 నుంచి 15 ఏళ్ళ దాకా నేర్పిన ప్రతి సంవత్సరానికి పావు శాతం. ఆ నాలుగేళ్ళూ విర్ట్స్ కోల్న్‌లోనే ఉన్నాడు. అంటే లివర్‌పూల్ బేరంలో ఒక్క ఆ నాలుగేళ్ళకే కోల్న్ వాటా ఒక శాతం, పది లక్షల పౌండ్లు. కుర్రాడిని ఇచ్చినప్పుడు వచ్చిన దానికి ఐదు రెట్లకు పైనే. కొడుకు ఇల్లు వదిలి వెళ్ళాక మనియార్డర్ వచ్చినట్టు.

మా క్లబ్బు మరీ అమాయకురాలేం కాదని కూడా చెప్పాలి. విర్ట్స్ పోయినప్పుడు గుండెలు బాదుకున్న కోల్న్, 2022 జనవరిలో స్లొవేనియా నుంచి ఒక 16 ఏళ్ళ కుర్రాడిని తెచ్చుకుంది. అతను పాత క్లబ్బు కాంట్రాక్టు తెంచుకోవడంలో కోల్న్ హస్తం ఉందని ఫీఫా శిక్ష వేసింది. రెండు విడతలు కొత్త ఆటగాళ్ళని నమోదు చేసుకోకూడదని. ఆ శిక్ష 2024లో అమలైంది, అదే ఏడాది జట్టు రెండో లీగ్‌కి పడిపోయింది. 2025లో మళ్ళీ పైకి వచ్చింది.

"పడిపోవడం" అన్నానే, అన్నయ్యతో వాదన ఎప్పుడూ అక్కడే తెగిపోతుంది. అమెరికాలో చివరి స్థానం వస్తే మొదటి వంతు బహుమతి. ఓపిక పట్టొచ్చు. మా దగ్గర చివరి స్థానం వస్తే కింది లీగ్. టీవీ డబ్బు తగ్గుతుంది, మంచి ఆటగాళ్ళు వెళ్ళిపోతారు. లూకాస్ పొడోల్‌స్కీ ఈ ఊరి ముద్దుబిడ్డ. 2006లో కోల్న్ పడిపోగానే బాయెర్న్ వెళ్ళాడు. 2009లో తిరిగి వచ్చాడు, 2012లో క్లబ్బు మళ్ళీ పడిపోయిన ఏడాదే ఆర్సెనల్ వెళ్ళాడు. రెండు సార్లూ మేం అమ్మలేదు. అమ్ముకున్నాం. లెవర్కూసెన్ అలా కాదు. 2020లో కై హావెర్ట్స్‌ని చెల్సీకి పెద్ద ధరకి అమ్మింది, నాలుగేళ్ళలో ఛాంపియన్ అయింది. వెనక బాయెర్ మందుల కంపెనీ ఉన్న క్లబ్బుకి మెడ మీద ఎవరూ కూర్చోరు. అయినా విర్ట్స్ వెళ్ళాక కొత్త కోచ్ టెన్ హాగ్‌ని రెండంటే రెండు లీగ్ మ్యాచ్‌లకే పంపించేశారు. కోచ్ షాబీ అలోన్సో, జొనాథన్ టా, ఫ్రింపాంగ్, జాకా అందరూ ఒకే వేసవిలో పోయారనుకోండి, తప్పంతా విర్ట్స్ బేరానిది కాదు.

కాబట్టి "అమ్మాలా వద్దా" అన్న ప్రశ్న నాకు సగం ప్రశ్నలా అనిపిస్తుంది. ఎల్ మాలా ఎప్పుడో ఒకప్పుడు వెళ్తాడు. 19 ఏళ్ళ కుర్రాడు ఇంకా పెద్ద ఆట ఆడాలనుకుంటే నాకు కోపం రాదు. నా తల్లిదండ్రులు కూడా ఒక ఊరు వదిలి వచ్చినవాళ్ళే. నా పేచీ డబ్బుతో. డ్రాఫ్ట్ పిక్‌లో ఒక మంచి ఉంది, అభిమాని దాని వెంట నడవగలడు. పార్సన్స్ బదులు వచ్చిందేమిటో అన్నయ్యకి వేళ్ళ మీద లెక్క. నవంబరులో కౌబాయ్స్ న్యూయార్క్ జెట్స్‌కి 2027 మొదటి రౌండ్ పిక్ ఒకటి, ఇంకా కొన్ని ఇచ్చి క్విన్నెన్ విలియమ్స్‌ని తెచ్చుకున్నారు. ఆ రాత్రి అన్నయ్య పంపిన పట్టిక నా దగ్గర ఉంది. ఎవరు పోయారు, ఎవరు వచ్చారు, ఎన్ని పిక్స్ మిగిలాయి. ఆ బేరం మంచిదో కాదో తర్వాత సంగతి. అది కనబడుతోంది.

యూరోలు అలా కనబడవు. అప్పులోకి వెళ్తాయి, జీతాల్లోకి వెళ్తాయి, ఏజెంటు కమిషన్‌లోకి వెళ్తాయి. మూడేళ్ళ తర్వాత "ఆ కుర్రాడి డబ్బు ఏమైంది" అని అడిగితే బ్యాలెన్స్ షీట్ చూపిస్తారు. బ్యాలెన్స్ షీట్‌ని ప్రేమించడం నాకు చేతకాదు.

ఇంకో విషయం కూడా నన్ను కలవరపెడుతోంది. డిసెంబరు 14న డెన్వర్‌లో పార్సన్స్ మోకాలి లిగమెంట్ తెగింది. సీజన్ అయిపోయింది. గంటలో అన్నయ్య నుంచి మెసేజ్: "చూశావా, మనవాళ్ళు బాగానే చేశారు." అన్నయ్య మంచివాడు. ఆగస్టులో ఇదే పార్సన్స్ కోసం దాదాపు ఏడ్చినవాడు. నేను జవాబు ఇవ్వలేదు. విర్ట్స్‌కి కూడా ఇదే లిగమెంట్ తెగింది, 2022 మార్చి 13న, అదీ కోల్న్‌తో మ్యాచ్‌లోనే. ఆ ఏడాది ప్రపంచ కప్ పోయింది. మనిషిని ధరగా చూడడం అలవాటైతే, అతని కాలు విరిగినప్పుడు మనకి మిగిలిన లాభం గుర్తొస్తుంది. ఎల్ మాలా గురించి ఈ మధ్య కోల్న్‌లో వింటున్న ఒక మాట: "దెబ్బ తగిలేలోపు అమ్మేయాలి." పశువుల సంతలో కూడా ఇంత బాహాటంగా అంటారా అని సందేహం.

ఈ ఊళ్ళో నాకు ఒక వెసులుబాటు ఉంది. హైదరాబాద్ సన్‌రైజర్స్ 2021లో డేవిడ్ వార్నర్‌ని కెప్టెన్సీ నుంచి దించి, జట్టులోంచి తీసి, చివరికి వదిలేసినప్పుడు మా బాబాయి వాళ్ళు ఎంత బాధపడినా చేయగలిగింది లేదు. 2016లో కప్పు తెచ్చినవాడు. జట్టు ఒక కంపెనీది, అంతే. డాలస్ జట్టు 1989 నుంచి జెర్రీ జోన్స్ అనే ఒక్క మనిషిది. (పార్సన్స్ వెళ్ళిన గ్రీన్ బే మాత్రం ఐదు లక్షల పైచిలుకు వాటాదారులది. అమెరికాలో అలాంటి జట్టు ఉండడమే వింత.) జర్మనీలో కొన్ని మినహాయింపులు తప్ప, సగం ఓట్లు, పైన ఇంకొకటి సభ్యుల సంఘం చేతిలో ఉండాలని నియమం. కోల్న్‌కి లక్షకు పైగా సభ్యులు. అందులో నేనొకదాన్ని. ఏడాదికి ఒకసారి సభ్యుల సమావేశంలో మైకు దగ్గర నిలబడి అడగొచ్చు.

నేను అడగబోయేది ఇది. ఎల్ మాలాని అమ్మితే, ఆ డబ్బులో ఎంత భాగం గైస్‌బోక్‌హైమ్‌లోని పిల్లల శిక్షణకి వెళ్తుందో అమ్మిన రోజే చెప్పండి. ఎన్ని లక్షలు, ఏ మైదానానికి, ఎంతమంది కోచ్‌లకి, ఏ వయసు పిల్లలకి. ప్రతి ఏడాదీ సమావేశంలో ఆ పట్టిక మళ్ళీ పెట్టండి. అప్పు తీర్చడానికే అయితే అదీ చెప్పండి. "అమ్ముకున్నాం" అని ఒప్పుకున్న క్లబ్బుని నేను క్షమించగలను. అవసరం ఎవరికైనా వస్తుంది. అమ్ముకుని, "వ్యూహం ప్రకారం అమ్మాం" అని కోటు వేసుకుని మాట్లాడేవాళ్ళతోనే నాకు కష్టం.

జర్మన్ స్నేహితురాలికి ఇది చెప్తే నవ్వింది. "మన క్లబ్బులో ఎప్పటికీ అమ్ముడుపోని స్టార్ ఒక్కడే, హెన్నెస్" అంది. హెన్నెస్ మా క్లబ్బు మస్కట్, నిజమైన మేకపోతు, కోల్న్ జంతు ప్రదర్శనశాలలో ఉంటాడు, సొంత మైదానంలో మ్యాచ్‌లకి వస్తాడు. ఇప్పటివాడు తొమ్మిదో హెన్నెస్. వాడికీ ధర అడిగే ఇంగ్లండ్ క్లబ్బు ఏదో ఒకటి ఉండే ఉంటుందని నా అనుమానం.

ఏప్రిల్‌లో పిట్స్‌బర్గ్‌లో డ్రాఫ్ట్. అన్నయ్య అప్పుడే సెలవు పెట్టేశాడు. ఆ రాత్రి ఒక వంతు ఒక పేరుగా మారుతుంది, అతను నాకు ఫోన్ చేస్తాడు. జర్మనీలో అప్పటికి తెల్లవారుజాము అవుతుంది. ఎత్తుతాను.