నాలుక మీద నింద

"కాస్త నోరు కట్టుకోకూడదూ!" తీపి మీదికి మనసు పోయిన ఆడవాళ్ళు తరచూ వినే మాట ఇది. దీనికి జిహ్వచాపల్యం అని పేరు. నేరం నాలుకది, శిక్ష ఆమెకి.

నేరం నిజంగా నాలుకదేనా? 2008లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో తీపి రుచే తెలియని ఎలుకల మీద ప్రయోగం చేశారు. రుచి తెలియకపోయినా అవి కొద్ది రోజుల్లోనే చక్కెర నీళ్ళకి అలవాటుపడ్డాయి. 2020లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చార్లెస్ జుకర్ బృందం అందుకు కారణం చూపించింది. పేగులోకి చేరిన చక్కెర కబురు వేగస్ నరం గుండా మెదడుకి వెళుతుంది. ఆ దారి మూసేస్తే ఎలుకలకి చక్కెర మీద ప్రత్యేకమైన ఇష్టం ఏర్పడలేదు. ఎలుకల సంగతంతా మనుషులకి యథాతథంగా వర్తించకపోవచ్చు. కానీ కోరిక పుట్టేది నాలుక మీదే అన్న నమ్మకం మాత్రం ఇక నిలవదు.

మనుషుల సంగతే చూద్దాం. 2004లో షికాగో విశ్వవిద్యాలయంలో 12 మంది యువకుల్ని రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చారు. కడుపు నుంచి ఆకలి కబురు పంపే గ్రెలిన్ 28 శాతం పెరిగింది. ఇక చాలని చెప్పే లెప్టిన్ 18 శాతం తగ్గింది. తీపి, ఉప్పు, పిండి పదార్థాల మీద యావ పెరిగింది. ఆ 12 మందీ మగవాళ్ళే. వాళ్ళ యావకి కారణం నిద్ర చాలకపోవడం అన్నారు, చాపల్యం అనలేదు. మరి అందరికంటే ఆలస్యంగా పడుకుని అందరికంటే ముందు లేచే ఆడదాని యావ గుణలోపం ఎలా అయింది?

మట్టి, బలపాలు, పచ్చి బియ్యం తినే ఆడపిల్లల్ని చూసి నవ్వుతాం, తిడతాం. ఆ కోరికకీ శరీరంలో ఇనుము లోపానికీ సంబంధం ఉందని వైద్యులకి ఎప్పటినుంచో తెలుసు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15-49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అందరూ తిన్నాక గిన్నెలో మిగిలింది తినేవాళ్ళకి నిగ్రహం బోధించడం ఎంత క్రూరం!

ఇప్పుడు పేగుల ఆరోగ్యం పేరుతో పొడులూ మాత్రలూ అమ్ముతున్నారు. నీ పేగుల్ని నువ్వే బాగుచేసుకోవాలట! నింద నాలుక మీంచి పేగు మీదికి మారింది తప్ప దాన్ని మోసేది మళ్ళీ ఆమే.

ఆమెని నోరు కట్టుకోమనే ముందు వేళకి తిన్నావా, కంటినిండా నిద్రపోయావా, రక్తపరీక్ష చేయించావా అని అడగండి. అడిగి ఊరుకోకండి. వంటింటి పనిలో సగం అందుకోండి.