తెలుసుకుందాం: తాతమ్మ ముత్యాలు మంచివేనా?

పిల్లలూ! ఒక చెల్లాయి ఇలా రాసింది: "మా తాతమ్మగారి రెండు పేటల ముత్యాల దండ మా యింట్లో ఉన్నది. అంగడిలో చూపిస్తే ఇవి ఉత్త గాజు పూసలనీ, కొలికి బంగారానికి మాత్రం డబ్బిస్తామనీ అన్నారట. నాన్న ఇచ్చేద్దామంటున్నాడు. అమ్మకు మనసొప్పటం లేదు. అవి నిజమైన ముత్యాలో కావో మేమే తెలుసుకోవచ్చునా? దండతోపాటు ఒక తెల్లని గాజు కూడా ఉన్నది. అది దంతమా, గుల్లా?"

చాలావరకు తెలుసుకోవచ్చు. అయితే ముందు ముత్యం ఎట్లా పుడుతుందో తెలియాలి. స్వాతికార్తెలో కురిసిన చినుకు చిప్పలో పడి ముత్యమవుతుందని పెద్దలు చెప్పగా మీరు వినే ఉంటారు. ఇసుక రేణువు వల్ల అవుతుందని చెప్పేవారూ ఉన్నారు. నిజానికి ఎక్కువసార్లు కారణం చినుకూ కాదు, ఇసుకా కాదు. చిప్పలోని జీవి మెత్తని ఒంటికి గాయమైనప్పుడో, ఏదైనా చిన్న పురుగు లోపల దూరినప్పుడో, ఆ జీవి తన చిప్పకు లోపలివైపు పూసుకునే మెరిసే పదార్థాన్నే అక్కడ కూడా పొరమీద పొరగా చుట్టుతుంది. ఆ పొరలన్నీ కంటికి కనిపించనంత సన్నని సున్నపు పలకలు.

అందుచేతనే పంటి పరీక్ష పనిచేస్తుంది. అమ్మను అడిగి, ఒక ముత్యాన్ని శుభ్రంగా తుడిచి, ముందరిపంటి అంచుకు చాలా మెల్లగా రాసి చూడండి. సన్నని ఇసుక తగిలినట్టు గరగరలాడితే అది చిప్పలో పుట్టినదే కావచ్చు. నున్నగా జారిపోతే గాజుదో, ప్లాస్టిక్‌దో అయి ఉంటుంది. తరువాత భూతద్దంతో బెజ్జం అంచు చూడండి. నకిలీ ముత్యానికి అక్కడ పైపూత పెచ్చులు లేచి లోపలి పూస బయటపడుతుంది.

నకిలీదయితే కొత్తదే అనుకోకండి. 17వ శతాబ్దంలోనే పారిస్ నగరంలో జాకిన్ అనే జపమాలల పనివాడు చేపపొలుసుల మెరుపును బోలు గాజుపూసల లోపల పూసి, మైనం నింపి ముత్యాలుగా అమ్మాడు! అటువంటివి ఇప్పుడు దొరికితే పాతవస్తువులు సేకరించేవారు వాటినీ ఆదరిస్తారు.

అసలు చిక్కు ఇంకొకటి ఉన్నది. జపాను దేశంలో మికిమోటో కోకిచి అనే ఆయన 1893లో చిప్పల చేత సగం ముత్యాలు చేయించగలిగాడు. ఆ తరువాత అక్కడివారు గుండ్రని ముత్యాలు కూడా సాధించారు. ఆలుచిప్ప ముక్కను పూసగా చెక్కి ముత్యపుచిప్పలో పెడితే, ఆ జీవి దానిపైన పొరలు చుట్టుతుంది. ఇవి పెంపుడు ముత్యాలు. 1921లో ఇవి లండన్, పారిస్ బజార్లకు వచ్చినప్పుడు వర్తకులు గగ్గోలు పెట్టారు. ఎందుకంటే పంటికి ఇవి కూడా గరగరలాడతవి!

వీటిని పట్టివ్వగలిగినది బెజ్జమే. వెలుతురులో పట్టి లోపలికి చూస్తే, పూసకూ పైపొరకూ మధ్య సన్నని గీత కనిపించవచ్చు. ఆ గీత ఉంటే ఆ దండ 1920కి ముందుది కావటం దాదాపు అసంభవం. ఇక బియ్యపుగింజల్లా ముడతలు పడిన మంచినీటి ముత్యాలలో పూస ఉండదు. అవి 1970 తరువాత చైనా నుంచి రాసులుగా వచ్చినవి. కనుక తాతమ్మ పెళ్లినాటి దండ అని చెబుతూ ఎవరైనా అవి చూపిస్తే నమ్మకండి.

మన హైదరాబాదుకు సముద్రం లేకపోయినా ముత్యాల నగరమని పేరు వచ్చింది గదా! పారశీక సింధుశాఖలో దొరికి, బస్రా పేరుతో చలామణి అయిన ముత్యాలు బొంబాయి మీదుగా ఇక్కడికి వచ్చేవి. నిజాముల ప్రాపకంలో వాటిని తొలిచేవారు, గుచ్చేవారు తయారైనారు. సహజమైన ముత్యాన్ని తూచి అమ్ముతారు కాబట్టి, బరువు పోకుండా బెజ్జం వీలయినంత సన్నగా వేసేవారు. సన్నని బెజ్జం, ఒకదానికొకటి అచ్చుగుద్దినట్టు కాక కొంచెం కొంచెం తేడాగా ఉండే గింజలు – ఇవి ఆశ పెట్టుకోదగ్గ గుర్తులు. పెంపుడు ముత్యాల పోటీ, 1929 నాటి ఆర్థికమాంద్యం కలిసి సింధుశాఖ మునకదారుల బతుకును కూల్చివేశాయి.

దారాన్ని బట్టి వయసు చెప్పబోకండి. పట్టుదారం పుచ్చుతుంది గనుక అప్పుడప్పుడు తిరిగి గుచ్చిస్తారు. కొలికి కూడా మార్చి ఉండవచ్చు. పసుపురంగు తిరిగినంత మాత్రాన పాతదనీ కాదు, చెమటకు కూడా ముత్యం రంగు మారుతుంది. నిమ్మరసంలో, చింతపండు పులుసులో వేసి చూడటం, కాల్చిన సూది గుచ్చటం మాత్రం ఎన్నడూ చేయకండి. పులుపుకు సున్నం కరుగుతుంది. పరీక్ష ముగిసేసరికి ముత్యం కూడా ముగుస్తుంది!

చెల్లాయీ, మీ దండ పంటికి గరగరలాడి, బెజ్జంలో గీత కనిపించకపోతే, నాన్నగారిని ఆ అంగడికి వెళ్లవద్దని చెప్పు. ముంబయి, జయపురం వంటి చోట్ల రత్నాలను పరీక్షించే ప్రయోగశాలలు ఉన్నవి. ఎక్స్-రే తీస్తే లోపల గుండ్రని పూస ఉన్నదీ, ఉల్లిపాయలో వలె పొరలే ఉన్నవీ తెలిసిపోతుంది. ఆ చీటీ చేతికి వచ్చాకనే అమ్మకం మాట.

ఇక ఆ తెల్లని గాజు సంగతి. శంఖాన్ని అడ్డంగా కోసి గాజులు చేయటం మన దేశంలో 4,000 ఏళ్లకు పైబడిన పని. హరప్పా, మొహెంజొదారోలలో ఇటువంటివి దొరికాయి. శంఖం చుట్టు తిరిగి కలిసేచోట సహజంగా ఒక పల్లం ఉంటుంది. ఆనాటి పనివారు దానిమీదనే కోణంలాగా ఒక గీత చెక్కి, లోపాన్ని అలంకారంగా మార్చారు. బెంగాలు పెళ్లికూతుళ్లు ఇప్పటికీ శంఖపు గాజులు తొడుక్కుంటారు. మీ గాజును చెంపకు ఆనించి చూడు. చల్లగా, బరువుగా ఉండి, భూతద్దంలో సన్నని పెరుగుదల గీతలు కనిపిస్తే అది శంఖమే. గీతలు జల్లెడలాగా అడ్డదిడ్డంగా ఒకదాన్నొకటి కోసుకుంటూ ఉంటే దంతం. లోపలివైపు చుట్టూ ఒకే అతుకుగీత ఉన్నదంటే అచ్చులో పోసిన ప్లాస్టిక్.