బుగ్గ లోపల తెల్లని అల్లిక

"నోరు పూసింది, వేడి చేసిందేమో" అనుకుని మజ్జిగ తాగించి, బి-కాంప్లెక్స్ మాత్ర వేసి ఊరుకోవడం మనందరికీ అలవాటే. చాలాసార్లు వారం పది రోజుల్లో తగ్గిపోతుంది కూడా. కానీ వారాలు గడిచినా మీ బాబు చారన్నం నోట్లో పెట్టగానే "మంటమ్మా" అని కంచం తోసేస్తున్నాడా? అయితే వాణ్ణి వెలుతురులో నిలబెట్టి బుగ్గల లోపల ఒకసారి చూడండి.

రెండువైపులా సన్నని తెల్లగీతలు లేసు అల్లినట్టు కనబడితే, శుభ్రమైన తడిగుడ్డ వేలికి చుట్టుకుని మెల్లిగా తుడవండి. ఫంగస్ వల్ల వచ్చే తెల్లపూత సాధారణంగా ఊడివస్తుంది. తుడిచినా పోకపోతే అది లైకెన్ ప్లానస్ కావచ్చు. పళ్ళు ఆనేచోట ఒక్క గీతే ఉంటే మాత్రం కంగారుపడకండి, అది చాలామందికి మామూలే.

ఇది ఎక్కువగా నడివయసు వాళ్ళకి, అందులోనూ ఆడవాళ్ళకి వచ్చే జబ్బు. పిల్లల్లో అరుదు. అందుకే తొందరగా ఎవరికీ తట్టదు. ఒంట్లోని రక్షణ కణాలే నోటి లోపలి పొర మీద దాడి చేయడం వల్ల వస్తుంది. అంటువ్యాధి కాదు, అక్క ఎంగిలి చెల్లి తిన్నా అంటదు.

పళ్ళ డాక్టరుకో, చర్మవ్యాధుల డాక్టరుకో చూపించండి. మణికట్ల దగ్గర, చీలమండల దగ్గర దురదపెట్టే ఊదారంగు పొక్కులుంటే తప్పకుండా చెప్పండి. వాడుతున్న మందులు, పుచ్చుపన్నుకి పెట్టించిన వెండి సిమెంటు సంగతి కూడా చెప్పాలి. వాటివల్లా ఇలాంటి మచ్చలే రావచ్చు. "బయాప్సీ" అనగానే గుండె జారిపోతుంది కదూ! మత్తు ఇంజెక్షన్ ఇచ్చి మినపగింజంత ముక్క తీస్తారు, అంతే. అది జబ్బు ఏదో తేల్చుకోవడానికే.

మంట లేకపోతే మందే అక్కర్లేదు. ఎర్రబడి పుండు పడితే ట్రయామ్సినొలోన్ లాంటి స్టెరాయిడ్ పేస్టు రాసిస్తారు. అన్నం తిన్నాక, పడుకోబోయేముందు పూసి, అరగంట ఏమీ పెట్టకండి. చెప్పినన్ని రోజులే వాడాలి. మందుల షాపువాణ్ణి అడిగి సొంతంగా కొనేస్తే, ఉన్నది చాలదన్నట్టు ఫంగస్ పూత కూడా తెచ్చిపెట్టుకున్నట్టే.

ఇక వంటింట్లో మీ పని. ఆవకాయ, పచ్చిమిర్చి, నిమ్మకాయ పులుపు, గట్టి జంతికలు కొన్నాళ్ళు పక్కన పెట్టండి. నెయ్యి వేసిన ముద్దపప్పన్నం, పెరుగన్నం, ఇడ్లీ, అరటిపండు హాయిగా దిగుతాయి. ఘాటైన టూత్‌పేస్టు మాన్పించి మెత్తటి బ్రష్షు ఇవ్వండి. మంటని చెప్పి పళ్ళు తోమడం ఎగ్గొట్టనివ్వకండి, గార పేరుకుంటే చిగుళ్ళు ఇంకా మండుతాయి.

పెద్దవాళ్ళలో నూటికి ఒకరికి ఈ మచ్చలు క్యాన్సరుగా మారే అవకాశం ఉంది. పిల్లల్లో ఆ భయం చాలా తక్కువ. అయినా గీతలు మాయమయ్యాక కూడా ఆరునెలలకోసారి నోరు చూపించుకు రండి.