రాష్ట్రపతి అభ్యర్థి: ఎవరి మనిషి?

ఎన్నికల ప్రకటన వెలువడకమునుపే అభ్యర్థులను నిలబెట్టుట, గెలిపించుట, ఓడించుట మన కోనసీమవారికి వెన్నతో పెట్టిన విద్య. అమలాపురము గడియార స్తంభము కడ మొదలైన వాదము రాజోలు చేరునప్పటికి మంత్రివర్గమై కూర్చుండును. 2022 జూలై 25వ తేదీన పదవీస్వీకారము చేసిన రాష్ట్రపతి శ్రీమతి ద్రౌపది ముర్ముగారి ఐదేండ్ల గడువు 2027 జూలైతో ముగియును. తరువాతి ఎన్నికలో ఏ పార్టీ ఎవరిని నిలుపవలెనన్న చర్చ సహజముగా లేచును. ఆ చర్చలో వినవచ్చు ప్రశ్నలు మూడు. ఉత్తరాదివారా, దక్షిణాదివారా? ఏ వర్గమువారు? ఎవరి మనిషి? మొదటి రెండింటిలో కొంత న్యాయము కలదు. కాని పార్టీలు తూకము వేయునది మూడవ ప్రశ్నతోనే. ఆ మూడవ ప్రశ్నయే మొత్తము ఎంపికను చెరుచుచున్నదని నా అభిప్రాయము.

ఢిల్లీ సంగతితో మనకేమి పని అని విద్యార్థులు అడుగవచ్చును. రాష్ట్రపతిని ప్రజలు నేరుగా ఎన్నుకొనరు. పార్లమెంటు ఉభయసభలకును, శాసనసభలకును ఎన్నికైన సభ్యులే ఓటర్లు. శాసనసభ్యుని ఓటునకు విలువ కట్టు పద్ధతి తరగతిలో చెప్పదగిన లెక్క. 1971 జనాభా లెక్కల ప్రకారము రాష్ట్ర జనసంఖ్యను శాసనసభ స్థానముల సంఖ్యచే భాగించి, వచ్చినదానిని మరల వేయిచే భాగింపవలెను. 2022 ఎన్నికలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ్యుని ఓటు విలువ 159. పార్లమెంటు సభ్యుని ఓటు విలువ 700. అమలాపురము లోక్‌సభ నియోజకవర్గములో అమలాపురము, రాజోలు, గన్నవరము, కొత్తపేట, ముమ్మిడివరము, రామచంద్రపురము, మండపేట అను ఏడు శాసనసభ స్థానములు కలవు. ఏడింటి విలువ 1,113. లోక్‌సభ సభ్యునిది కలుపగా 1,813. ఈ ఓట్లు మనము అప్పగించిన ఓట్లు. వానిని గూర్చి అడుగు హక్కు మనకు కలదు.

ఈ ఎన్నికలో ఓటు రహస్యము. పార్టీ విప్పు దీనికి చెల్లదు. అయినను 1997 నుండి నామినేషను పత్రముపై యాభైమంది ప్రతిపాదించుచు, యాభైమంది బలపరచుచు సంతకము చేయవలసి యున్నది. కావున పెద్ద పార్టీల అండ లేనివారు బరిలో నిలుచుట కష్టము. పార్టీ పెద్దలు తలుపులు మూసికొని ఒక పేరు వ్రాసిననాడే అసలు ఎన్నిక చాలవరకు ముగిసిపోవును. ఆ మూసిన తలుపుల వెనుక అడిగిన ప్రశ్న తప్పయినచో ఫలితమెట్లుండునో 1969వ సంవత్సరము మనకు నేర్పినది. ఆ కథలో ముఖ్య పాత్రధారులు ఇద్దరును తెలుగువారగుటచే మనము దానిని మరింత శ్రద్ధగా చదువవలెను.

1969 మే 3వ తేదీన రాష్ట్రపతి డాక్టరు జాకీర్ హుస్సేన్‌గారు పదవిలో నుండగానే మరణించిరి. ఉపరాష్ట్రపతి శ్రీ వి. వి. గిరిగారు తాత్కాలిక రాష్ట్రపతి యైరి. బరంపురములో జన్మించి, కార్మికోద్యమములో పండి, 1937 ఎన్నికలలో బొబ్బిలి రాజావారిని ఓడించిన నాయకుడాయన. జూలైలో బెంగుళూరునందు కాంగ్రెసు పార్లమెంటరీ బోర్డు సమావేశమైనది. ప్రధాని శ్రీమతి ఇందిరాగాంధి శ్రీ జగ్జీవన్ రామ్‌గారి పేరు సూచించిరి. బోర్డులో అధిక సంఖ్యాకులు లోక్‌సభ స్పీకరు శ్రీ నీలం సంజీవరెడ్డిగారిని ఎంచిరి. అనంతపురము జిల్లా ఇల్లూరులో జన్మించి, 1956లో ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రియై, పిదప కాంగ్రెసు అధ్యక్షుడై, దేశమెరిగిన పాలకుడాయన.

యోగ్యతను బట్టి చూచినచో ముగ్గురిలో ఎవరిని కాదనగలము? మువ్వురును అనుభవజ్ఞులే. కాని బెంగుళూరులో తూచబడినది యోగ్యత కాదు. రాష్ట్రపతి భవనములో తమవాడుండిన ప్రధానిని అదుపులో నుంచవచ్చునని ఒక వర్గము తలచినది. అట్టివాడుండిన తన పదవికే ముప్పని ప్రధాని తలచిరి. ఇరుపక్షములకును ప్రశ్న యొక్కటే: ఎవరి మనిషి?

పిదప జరిగినది చరిత్ర. సంజీవరెడ్డిగారి నామినేషను పత్రముపై ప్రధాని స్వయముగా సంతకము చేసిరి. గిరిగారు తన పదవులకు రాజీనామా చేసి స్వతంత్రుడుగా నిలిచిరి. కాంగ్రెసు అధ్యక్షుడు శ్రీ నిజలింగప్పగారు జనసంఘము, స్వతంత్ర పార్టీల నాయకులను కలిసి వారి రెండవ ప్రాధాన్యపు ఓట్లను కోరిరి. అంతట ప్రధాని తన పార్టీవారిని అంతరాత్మ చెప్పినట్లు ఓటు వేయుడనిరి. ఆగస్టు 16న ఎన్నిక, 20న లెక్కింపు. మొదటి లెక్కలో గిరిగారికి 4,01,515, సంజీవరెడ్డిగారికి 3,13,548, శ్రీ చింతామణి దేశ్‌ముఖ్‌గారికి 1,12,769 వచ్చెను. గెలుపునకు కావలసినది 4,18,169. ఎవరికిని అది రాకపోవుటచే రెండవ ప్రాధాన్యపు ఓట్లు లెక్కింపవలసి వచ్చెను. తుదకు గిరిగారు 4,20,077తో నెగ్గిరి. సంజీవరెడ్డిగారికి 4,05,427 వచ్చెను. తేడా 14,650 మాత్రమే. నవంబరు నాటికి ప్రధానియే పార్టీనుండి బహిష్కృతురాలు. కాంగ్రెసు రెండుగా చీలినది. ఒక్క అభ్యర్థి ఎంపికతో అంతటి మహావృక్షము నడిమికి చీలుటకు, లోపల పుచ్చు ఎంత పాతదో ఊహింపవచ్చును.

ఇందులో సాధారణముగా ఎవరును గమనింపని అంశమొకటి కలదు. సంజీవరెడ్డిగారు 1967లో స్పీకరైనప్పుడు పార్టీ సభ్యత్వమునకు రాజీనామా చేసిరి. స్పీకరు పక్షాతీతుడై యుండవలెనన్న ఉత్తమ సంప్రదాయమది. రెండేండ్లు దాటిన కొన్ని నెలలకే ఆయనను ఆ పీఠమునుండి దింపి పార్టీ అభ్యర్థిని చేసిరి. అంతకుముందు 1967లో ప్రతిపక్షములును ఇట్టి పనియే చేసినవి. రాజమహేంద్రవరములో జన్మించిన శ్రీ కోకా సుబ్బారావుగారు అప్పటి భారత ప్రధాన న్యాయమూర్తి. ప్రాథమిక హక్కులను పార్లమెంటు హరింపజాలదని చెప్పిన గోలక్‌నాథ్ తీర్పు వెలువడినది 1967 ఫిబ్రవరి 27న. ఏప్రిల్ 11న ఆయన రాజీనామా చేసి జాకీర్ హుస్సేన్‌గారిపై పోటీకి నిలిచి ఓడిరి. ఆయన విద్వత్తును శంకింపనక్కరలేదు. కాని న్యాయపీఠమునుండి నేరుగా ఎన్నికల బరిలోనికి నడచుటచే వెనుకటి తీర్పునకును శంక అంటినది. పక్షాతీతుని వెదకు తొందరలో పక్షాతీతమైన పీఠమునే పార్టీలు ఖాళీ చేయించినవి. పాలకొరకు ఆవును కొనవచ్చును గాని, గుడిలోని నంది నెత్తుకొని పోరాదు గదా!

రాష్ట్రపతి సంతకము చేయు ముద్ర మాత్రమే, ఎవరైననేమి అనువారికి సమాధానము చెప్పవలసి యున్నది. 1975 జూన్ 25 రాత్రి అత్యవసర పరిస్థితి ప్రకటన రాష్ట్రపతి శ్రీ ఫక్రుద్దీన్ అలీ అహమ్మద్‌గారి ముందునకు వచ్చినది. మంత్రివర్గము అంతవరకు సమావేశము కాలేదు. మంత్రివర్గ నిర్ణయము తరువాత రండని ఒక్క మాట అనియుండవచ్చును. ఆయన సంతకము చేసిరి. మంత్రివర్గము మరునాటి ఉదయము ఆమోదించినది. 1969లో బెంగుళూరున ప్రధాని పక్షమున నిలిచిన బోర్డు సభ్యుడాయన. ఎవరి మనిషి అను తూకములో ఆయన సరిగానే తూగిరి. దేశము మాత్రము ఇరువది నెలలకు పైగా వెల చెల్లించినది.

1976లో 42వ సవరణ మంత్రివర్గ సలహాను రాష్ట్రపతి పాటించి తీరవలెనని శాసించినది. 1978లో 44వ సవరణ దానికి ఒక చిన్న కిటికీ తెరచినది. సలహాను మరల ఆలోచింపుడని రాష్ట్రపతి ఒక్కసారి త్రిప్పిపంపవచ్చును. తిరిగి వచ్చినచో అంగీకరింపవలెను. చూచుటకు ఇది స్వల్పాధికారము. 1997 అక్టోబరులో ఉత్తరప్రదేశ్‌లో రాష్ట్రపతి పాలన విధింపుమని కేంద్ర మంత్రివర్గము కోరగా శ్రీ కె. ఆర్. నారాయణన్‌గారు దానిని త్రిప్పిపంపిరి, మంత్రివర్గము విరమించినది. 2006లో లాభదాయక పదవుల బిల్లును డాక్టరు అబ్దుల్ కలామ్‌గారు పార్లమెంటునకు త్రిప్పిపంపిరి. పార్లమెంటు మరల ఆమోదింపగా సంతకము చేసిరి. మొదటిసారి మాట నెగ్గినది, రెండవసారి నెగ్గలేదు. రెండుసార్లును దేశము ఆగి, ఆలోచించినది. రాష్ట్రపతికి గల పని అంతయు ఆ ఆగుటలోనే యున్నది.

సలహా యిచ్చువారెవరో తేలని వేళలో ఆ పని మరింత బరువగును. 1969లో ఓడిన సంజీవరెడ్డిగారు 1977లో పోటీ లేకుండ రాష్ట్రపతి యైరి. 1979 ఆగస్టులో చరణ్‌సింగ్‌గారి ప్రభుత్వము లోక్‌సభ నెదుర్కొనకయే రాజీనామా చేసినది. తనకు బలము కలదని జగ్జీవన్ రామ్‌గారు చెప్పుచుండగా, సంజీవరెడ్డిగారు ఆయనకు అవకాశమీయక సభను రద్దు చేసిరి. పదేండ్ల క్రిందట బెంగుళూరులో ఒకే పదవికి ఎదురెదురుగా తూచబడిన ఇద్దరు వీరే! ఆ నిర్ణయము రాజ్యాంగసమ్మతమే కావచ్చును. కాని పాత తక్కెడ జ్ఞాపకము వచ్చినవారు దానిని అనుమానించినచో తప్పు పట్టగలమా? ఎంపికనాడు అంటిన మరక పదవిలోనికి వెంట వచ్చును.

ఇక వర్గము, ప్రాంతము అను ప్రశ్నలు. వీనిని తేలికగా త్రోసివేయుట న్యాయము కాదు. దళిత కుటుంబమునుండి తొలి రాష్ట్రపతి 1997లో, గిరిజన సమాజమునుండి తొలి రాష్ట్రపతి 2022లో వచ్చిరనగా, గణతంత్రము ఎన్ని దశాబ్దములు కొందరిని గుమ్మము వెలుపల నిలిపినదో తెలియుచున్నది. తమవారొకరు ఆ భవనములో నుండిరని ఒక బాలిక తల యెత్తి నడుచుటకంటె గొప్ప పాఠమేది? అయితే ప్రాతినిధ్యమును స్వతంత్ర బుద్ధిని ఎదురెదురుగా నిలుపుటయే పొరపాటు. పై ఉదాహరణలలో మంత్రివర్గమును వారించినది నారాయణన్‌గారే గదా! అలంకారముగా మాత్రమే కూర్చుండబెట్టుదమని తలచు పార్టీ ఆ వర్గమును గౌరవించుట లేదు, వాడుకొనుచున్నది.

స్వపక్షమును కాదనగల వ్యక్తిని ఏ పార్టీ యైనను కోరి నిలుపునా అని లోకజ్ఞులు నవ్వవచ్చును. వారికి దూరదేశముల సాక్ష్యము అక్కరలేదు. అమలాపురము ప్రతినిధి శ్రీ జి. ఎం. సి. బాలయోగిగారు 1998 మార్చి 24న లోక్‌సభ స్పీకరైరి. ఆ పీఠమెక్కిన తొలి దళితుడాయన. 1999 ఏప్రిల్ 17న వాజపేయిగారి ప్రభుత్వముపై విశ్వాస పరీక్ష. ఒరిస్సా ముఖ్యమంత్రియై యుండియు లోక్‌సభ సభ్యత్వము వదలని శ్రీ గిరిధర్ గమాంగ్‌గారు ఓటు వేయవచ్చునా అను వివాదము వచ్చినది. స్పీకరు ఆ సంగతిని సభ్యుని అంతరాత్మకే విడిచిరి. గమాంగ్‌గారు ఓటు వేసిరి. అనుకూలము 269, ప్రతికూలము 270. బాలయోగిగారి పార్టీ బలపరచిన ప్రభుత్వము ఒక్క ఓటుతో పడిపోయినది. ఆ నిర్ణయమును నేటికిని తప్పుపట్టువారు కలరు. కాని అదే సంవత్సరము అక్టోబరులో గెలిచి వచ్చిన అదే కూటమి, సభ యెల్ల ఏకగ్రీవము కాగా, ఆయననే మరల స్పీకరుగా కూర్చుండబెట్టినది. తమకు నష్టము వచ్చిననాడును పీఠము వంగలేదన్న నమ్మకమునకు అంతకంటె గౌరవమేమి కావలెను? 2002 మార్చి 3న కైకలూరు సమీపమున హెలికాప్టరు ప్రమాదములో ఆయన మరణించినప్పుడు కన్నీరు పెట్టినవారు ఒక్క పార్టీవారు కారు.

పార్టీల స్వార్థము దృష్ట్యా చూచినను ఇదియే లాభము. నేటి పాలకపక్షము రేపు ప్రతిపక్షము. తన మాటకు తల యూపు వ్యక్తిని కూర్చుండబెట్టిన పార్టీ, ఆ అలవాటునే ఎదుటివారికి వారసత్వముగా ఇచ్చుచున్నది.

కావున ఏ పార్టీ యైనను అభ్యర్థిని నిర్ణయించుటకు ముందు అడుగవలసిన ప్రశ్నలు ఇవి. ఈ వ్యక్తి తనవారికి ఇష్టము కాని సత్యమును ఎప్పుడైన చెప్పినదా? చెప్పి దాని నష్టమును భరించినదా? సంతకమునకు ముందు చదువు అలవాటు కలదా? పక్షాతీతమైన మరియొక పీఠమును ఖాళీ చేయించి తెచ్చుచున్నామా? వీనితోపాటు, నామినేషను గడువు దగ్గర పడినప్పుడు కాక, కొన్ని నెలలు ముందే పేర్లు బయటపెట్టవలెను. మూసిన గదిలో తేలిన పేరునకు ప్రజలు చప్పట్లు మాత్రమే కొట్టగలరు, పరీక్షింపలేరు.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. ఉన్నత పాఠశాలల వక్తృత్వ పోటీలలో ఈ విషయమును పెట్టుడు. కాని పేర్లతో మొదలుపెట్టవలదు; అర్హతలను ముందు వ్రాయించి, పేర్లు పిదప అడుగుడు. విద్యార్థులు తమ శాసనసభ్యునికి ఒక ఉత్తరము వ్రాసి, మీ 159 ఓట్లను ఏ కొలతతో వేయుదురని మర్యాదగా ప్రశ్నించుట కంటె మంచి పౌరశాస్త్ర పాఠము లేదు. 1986 ఆగస్టు వరదను చూచిన కోనసీమకు ఏటిగట్టు విలువ వేరొకరు చెప్పనక్కరలేదు. గట్టు ఏడాది పొడుగునను ఏ పనియు చేయనట్లే కనిపించును. అందులో మట్టి ఎంత గట్టిదో వేసవిలో చూచుకొనవలెను. నీరు పైకి వచ్చిననాడు చూచుటకు వ్యవధి యుండదు.